సరిహద్దు గాంధీ పార్లమెంటుకు వచ్చిన నాడు



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని మన సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు దేనిని గురించి వ్రాయాలా అని రెండు మూడు రోజులు ఆలోచనలో పడ్డాను. చివరకు దారి చూపించింది మా మనుమడే. టీవీలో ఎవరో విదేశీ అధినేత మన పార్లమెంటులో చేసిన పాత ప్రసంగం చూపిస్తుంటే వాడు, "తాతయ్యా, బయటి దేశాల ప్రెసిడెంట్లనూ ప్రధానమంత్రులనూ తప్ప ఏ పదవీ లేనివాళ్లను మన పార్లమెంటులో మాట్లాడమని పిలవరా?" అని అడిగాడు.

"పిలిచారు నాయనా, 1969లో. ఆయనకు పదవి లేదు. సొంత దేశంలో ప్రశాంతంగా ఉండనివ్వకపోతే పొరుగు దేశంలో తల దాచుకున్నాడు. చేతిలో ఒక బట్టల మూట తప్ప మరేమీ లేదు. అయినా మన పార్లమెంటు సభ్యులు ఆయన్ను పిలిచి, కూర్చుని, ఆయన పెట్టిన చీవాట్లు విన్నారు" అన్నాను. వాడికి నమ్మకం కుదరలేదు. ఆయనే ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్. మన తరం వారికి సరిహద్దు గాంధీ అంటే చాలు. ఇప్పటి పిల్లలకు ఆ పేరు కూడా చెప్పవలసి వస్తున్నది కనుక ఆ కథనే ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆ కథ పెషావరులో మొదలైనా, దానికి మా కృష్ణపట్నానికీ ఒక పోగు సంబంధం ఉన్నది. ఆ పోగు పేరు ఉప్పు.

ఇప్పుడు కృష్ణపట్నం అంటే అందరికీ 2008లో ప్రారంభమైన పెద్ద రేవు, బొగ్గు ఓడలు, లారీల బారులు గుర్తుకు వస్తాయి. నా చిన్నతనంలో కృష్ణపట్నం అంటే ఉప్పుమళ్లు, కండలేరు ఉప్పుటేరు, బకింగ్‌హాం కాలువ మీద మెల్లగా సాగే పడవలు. బ్రిటిషు వారి కాలంలో ఉప్పు మీద సర్కారుకే సర్వహక్కులు. 1882 నాటి ఉప్పు చట్టం ప్రకారం సముద్రపు నీళ్లు కాచి గుప్పెడు ఉప్పు చేసుకున్నా నేరమే. ఇంటి ముందరే సముద్రం ఉన్నా, మా ఊరి బీదవాడు కూరలో వేసుకునే ఉప్పుకు పన్ను కట్టవలసిందే.

మా తాత ఆ రోజుల్లో ఉప్పు కొఠారు దగ్గర కాపలా జవాను. ఖాకీ చొక్కా, చేతిలో లాఠీ, నెలకింత అని జీతం. మా వంశంలో నెల జీతం కళ్లజూసిన మొదటి మనిషి ఆయనే. మేమందరం చదువుకున్నామంటే ఆ జీతం చలవే.

గాంధీ మహాత్ముడు 1930 మార్చి 12న సబర్మతి నుంచి బయలుదేరి ఏప్రిల్ 6న దండి తీరంలో ఉప్పు పిడికిట పట్టిన సంగతి అందరికీ తెలిసిందే. నెల్లూరు జిల్లాకు గాంధీగారు అంతకు ముందే సుపరిచితులు. పెన్నానది ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న ఆయనే ప్రారంభించారు. దానికి పొణకా కనకమ్మగారు భూమి ఇస్తే, దక్షిణాఫ్రికాలో గాంధీగారి సహచరుడైన పారసీ రుస్తుంజీ పదివేల రూపాయలు ఇచ్చారు. కనుక 1930లో పిలుపు రాగానే మన జిల్లా తీరం కూడా కదిలింది. మైపాడు తీరాన సత్యాగ్రహులు ఉప్పు చేశారు. పోలీసులనూ జవానులనూ తీరం పొడవునా కాపలా తిప్పారు. ఆ తిరిగిన వారిలో మా తాత ఒకడు.

సరిగ్గా ఆ నెలలోనే ఇక్కడికి వందల క్రోసుల దూరాన, ఆఫ్ఘన్ సరిహద్దున ఉన్న పెషావరులో ఇంకో ఘట్టం జరిగింది. సముద్రం ఎలా ఉంటుందో ఎరుగని కొండల మనుషులు ఉప్పు సత్యాగ్రహానికి కదిలారు. వారిని కదిలించినవాడు గఫార్ ఖాన్. 1890లో ఉత్మంజాయి అనే గ్రామంలో కలిగిన ఇంట పుట్టాడు. పఠాన్లంటే పగ, ప్రతీకారం అని పేరుపడ్డ రోజులవి. ఆయన ఊరూరా తిరిగి బడులు పెట్టించాడు. ఆడపిల్లలకూ చదువు కావాలన్నాడు. 1929లో ఖుదాయీ ఖిద్మత్‌గార్ అనే దళం స్థాపించాడు. దేవుని సేవకులు అని ఆ మాటకు అర్థం. అందులో చేరేవాడు, ఎవరు కొట్టినా తిరిగి కొట్టననీ, పగ తీర్చుకోననీ ప్రమాణం చేయాలి. తెల్లబట్టలు త్వరగా మాస్తాయని ఇటుక రంగు వేయించుకున్నారు. అందుకే వారికి ఎర్రచొక్కాల వారని పేరు వచ్చింది.

1930 ఏప్రిల్ 23న గఫార్ ఖాన్‌ను అరెస్టు చేశారు. ఆ రోజే పెషావరు నగరంలో కిస్సాఖ్వానీ బజారులో గుమిగూడిన నిరాయుధుల మీద తుపాకులు పేల్చారు. ఎందరు చనిపోయారన్నదానికి సర్కారు లెక్క ఒకటి, ప్రజల లెక్క మరొకటి. అయితే అక్కడే చరిత్రలో నిలిచిపోయే ఇంకో సంగతి జరిగింది. గఢ్వాల్ రైఫిల్స్ దళంలోని సిపాయిలు కొందరు, చేతిలో ఆయుధం లేనివారిని కాల్చబోమని ఎదురు తిరిగారు. వారి నాయకుడు చంద్రసింగ్ గఢ్వాలీ. ఆయన హిందువు, ఎదుట ఉన్నవారు ముస్లిములు. సైనిక న్యాయస్థానం ఆయనకు యావజ్జీవ శిక్ష విధించింది. 1941లో గాని విడుదల కాలేదు.

గఫార్ ఖాన్ తర్వాతి జీవితం చాలావరకు జైళ్లలోనే గడిచింది. 1934లో విడుదల చేసినా సొంత రాష్ట్రంలో అడుగు పెట్టనివ్వకపోతే వార్ధాలో గాంధీగారి దగ్గర ఉన్నాడు. కాంగ్రెసు అధ్యక్ష పదవి ఇస్తామంటే, తాను సేవకుణ్ణేనని వద్దన్నాడు. 1947లో దేశ విభజనకు కాంగ్రెసు ఒప్పుకున్నప్పుడు, తన పఠాన్లను నట్టేట వదిలేశారని ఆయన మనసు విరిగింది. తర్వాత పాకిస్తాన్ పౌరుడిగా ఉంటూ, ఆ దేశంలోనే తన ప్రజల హక్కులు అడిగాడు. ఆ ప్రభుత్వాలు మళ్లీ మళ్లీ జైలుకు పంపాయి. రెండు ప్రభుత్వాల జైళ్లూ కలుపుకుంటే ఆయన జీవితంలో సుమారు మూడోవంతు. రాజకీయ ఖైదీల కోసం పాటుపడే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 1962లో తన "ఈ సంవత్సరపు ఖైదీ"గా ప్రకటించింది ఆయన్నే. 1964లో వైద్యం కోసం ఇంగ్లండు వెళ్లి, అక్కడి నుంచి ఆఫ్ఘనిస్తాన్ చేరి, 1972 దాకా అక్కడే ప్రవాసంలో ఉన్నాడు.

అటువంటి మనిషిని గాంధీ శతజయంతికి రమ్మని మనవాళ్లు ఆహ్వానించారు. ఇరవై రెండేళ్ల తర్వాత, 1969 అక్టోబరు 1న ఆయన ఢిల్లీలో దిగాడు. ఇందిరా గాంధీ, జయప్రకాశ్ నారాయణ్ ఎదురు వెళ్లి స్వాగతం చెప్పారు. ఆరడుగులకు మించిన మనిషి, దాదాపు ఎనభై ఏళ్ల వయసు, చంకలో బట్టల మూట. ఆ మూటను ఎవరి చేతికీ ఇవ్వలేదు.

ఆయన వచ్చిన సమయం ఎటువంటిదో మన వయసు వారికి గుర్తుండే ఉంటుంది. ఊరూరా గాంధీ శతజయంతి సభలు, బొమ్మల ప్రదర్శనలు, ప్రత్యేక తపాలా బిళ్లలు. అదే సెప్టెంబరులో గాంధీగారి అహమ్మదాబాదులోనే మతకలహాలు చెలరేగి 660 మంది చనిపోయారు. ఆ కలహాల మీద విచారణ సంఘానికి అధ్యక్షత వహించింది మన తెలుగు న్యాయమూర్తి పి. జగన్మోహన్ రెడ్డిగారే. మన రాష్ట్రం మాత్రం చల్లగా ఉన్నదా? ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో విద్యార్థులు తూటాలకు బలి అయిన సంవత్సరం అది. అంతకు ముందటి ఏడే కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి సజీవంగా తగలబెట్టారు.

గఫార్ ఖాన్ వచ్చీ రాగానే చేసిన మొదటి పని సన్మానాలు అందుకోవడం కాదు, మత సామరస్యం కోసం మూడు రోజులు నిరాహారంగా ఉండడం. తర్వాత అహమ్మదాబాదు వెళ్లి, ఇళ్లు కాలిపోయిన వారి మధ్య తిరిగాడు. నవంబరులో ఆయనకు జవహర్‌లాల్ నెహ్రూ పురస్కారం ఇచ్చారు. ఆ నెలలోనే పార్లమెంటు ఉభయ సభల సభ్యులను ఉద్దేశించి మాట్లాడమని కోరారు.

అప్పుడు రాష్ట్రపతి మన వి.వి. గిరిగారు. ఆ ఎన్నికలో ఓడిపోయింది మన నీలం సంజీవరెడ్డిగారు. ఆ ఎన్నికతో ముదిరిన తగాదా వల్ల నవంబరు 12న ఇందిరా గాంధీని పార్టీ నుంచి బహిష్కరించారు, కాంగ్రెసు రెండు ముక్కలైంది. నిన్నటి దాకా ఒక బెంచీ మీద కూర్చున్నవారు ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. అటువంటి సభ ఎదుట, ఓటూ సీటూ లేని ఆ వృద్ధుడు నిలబడ్డాడు.

ఆయన పొగడలేదు. ఆ సభలోనూ, ఆ నెలల్లో దేశమంతా తిరుగుతూ చేసిన ప్రసంగాల్లోనూ ఆయన చెప్పిన మాట ఒకటే. మీరు గాంధీని మరచిపోతున్నారు. విగ్రహాలు పెడుతున్నారు, పేరు తలుస్తున్నారు, ఆయన ఏ బీదవాడి కోసం బతికాడో వాడిని పట్టించుకోవడం లేదు. మతం పేరిట మనిషిని మనిషి చంపుకుంటుంటే చూస్తూ ఊరుకుంటున్నారు. ఇదీ సారాంశం. అతిథిగా పిలిపించుకుని, వేదిక ఎక్కించి, తమ తప్పులు తమకే చెప్పించుకున్న పార్లమెంటు అది. ఇక్కడ గొప్పతనం చెప్పినవాడిది ఎంతో, విన్నవారిది కూడా కొంత ఉన్నదని నా అభిప్రాయం. గౌరవించదలచినవాడికి శాలువా కప్పి పంపించడం సులభం. ఆయన మాట చెవిన పడేదాకా కూర్చోవడమే కష్టం.

ఆ సాయంత్రం నేను సెలవు మీద ఊళ్లో ఉన్నాను. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. పంచాయతీ రేడియో దగ్గర ఢిల్లీ తెలుగు వార్తలకు పదిమంది చేరేవారు. సరిహద్దు గాంధీ పార్లమెంటులో ప్రసంగించారని వార్త వచ్చింది. ఇంటికి వచ్చి తాతకు చెప్పాను. ఆయనకు అప్పటికి డెబ్భై దగ్గర పడ్డాయి. చూపు మందగించింది. ఆయన ఎవరు, ఏం చేశారు అని అడిగితే, కళాశాలలో చదువుకున్నదంతా ఒప్పజెప్పాను. పెషావరు, ఎర్రచొక్కాలు, కాల్పులు, కాల్చబోమన్న గఢ్వాలీ సిపాయిలు.

తాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ సిపాయిలు ఏమయ్యారు అబ్బయా?" అన్నాడు.

"జైలుకు పోయారు తాతా."

"పిల్లలు గలోళ్లేనా?"

"ఉండే ఉంటారు."

అప్పుడు చెప్పాడు. 1930 ఎండాకాలంలో తీరం వెంట కాపలాకు తిప్పినప్పుడు ఒకచోట ఇసుకలో పొయ్యి పెట్టి ఉప్పు కాస్తున్నవారు ఎదురుపడ్డారట. వారిలో ఒక పెద్దమనిషి వరుసకు తాతకు మామ అవుతాడు. కుండలు పగలగొట్టమని పైవాడు ఆర్డరు వేశాడు. తాత పగలగొట్టాడు. మరిగే నీళ్లు ఆ పెద్దమనిషి పాదాల మీద పడ్డాయి. ఆయన ఒక్క మాట అనలేదు. తాత ముఖంలోకి ఒకసారి చూసి పక్కకు జరిగాడట, అంతే. "తిట్టి ఉంటే బాగుండేది అబ్బయా. కాల్చమన్నా కాల్చనోళ్లు ఉన్నారంట. నన్ను కుండ పగలగొట్టమన్నారు, పగలగొట్టినా. నా ఉద్యోగం అది" అన్నాడు. ముప్ఫై తొమ్మిదేళ్లు ఆ మాట ఆయన లోపలే ఉండిపోయింది. ఢిల్లీలో ఒక ముసలాయన మాట్లాడాడన్న వార్త కృష్ణపట్నంలో ఇంకో ముసలాయన నోరు తెరిపించింది.

అందువల్ల, ఇటువంటి ప్రసంగాల వల్ల ఒరిగేదేమిటని ఎవరైనా అంటే నేను తొందరపడి అవుననలేను. నిజమే, గఫార్ ఖాన్ మాట్లాడి వెళ్లినంత మాత్రాన మతకలహాలు ఆగలేదు, బీదరికం పోలేదు. కాని బయట ఉన్న గొంతు చట్టసభలోకి వస్తే, ఆలస్యంగానైనా కొంత ఫలితం ఉంటుంది. దానికి మన జిల్లాలోనే నిదర్శనం ఉన్నది. మా ఉప్పుటేట్లో చేపలు పట్టుకుంటూ, రైతుల పొలాలకు కాపలా కాస్తూ బతికే యానాదులలో కొందరి మీద బ్రిటిషు వారు నేరస్థ జాతుల చట్టం ముద్ర వేశారు. పుట్టుకతోనే దొంగ అని ముద్ర. నెల్లూరు వాసి వెన్నెలకంటి రాఘవయ్యగారు వారి గూడేల్లో తిరిగి, సంఘం పెట్టించి, వారి పక్షాన ఊళ్లలోనూ చట్టసభలోనూ మాట్లాడారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31తో రద్దయింది. రాఘవయ్యగారికి 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం, 1993లో జాతీయ మానవ హక్కుల కమిషన్ వచ్చాయి. ఒక్కొక్కదాని వెనుకా, ఎన్నో ఏళ్ల పాటు ఎవరూ వినిపించుకోకపోయినా మాట్లాడుతూ పోయిన మనుషులున్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చప్పట్లే కొలమానం కాదు. బర్మా నాయకురాలు ఆంగ్ సాన్ సూచీ ఏళ్ల తరబడి గృహనిర్బంధం అనుభవించి, 2012 జూన్‌లో బ్రిటిషు పార్లమెంటు ఉభయ సభల సభ్యుల ఎదుట ప్రసంగిస్తే లోకమంతా హర్షించింది. ఆ నవంబరులో ఆమె మన అనంతపురం జిల్లా పల్లెకు కూడా వచ్చి మహిళా సంఘాలను చూసి వెళ్లారు. ఆమె అధికారంలో ఉండగానే 2017లో రోహింగ్యాలు లక్షల సంఖ్యలో దేశం విడిచి పారిపోయారు. 2019లో ఆమె హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో తమ దేశ సైన్యం చర్యలను సమర్థించుకున్నారు. 2021లో అదే సైన్యం ఆమెను మళ్లీ నిర్బంధించింది. కనుక ఒకనాటి స్వాగతం శాశ్వతమైన యోగ్యతాపత్రం కాదు. గఫార్ ఖాన్ విశేషమేమిటంటే, ఆయన చివరి దాకా మాట మార్చలేదు, పదవి కోరలేదు.

1987లో ఆయనకు భారతరత్న ఇచ్చారు. భారత పౌరుడు కాని వ్యక్తికి ఆ బిరుదు రావడం అదే మొదలు. 1990లో రెండవవాడు నెల్సన్ మండేలా. గఫార్ ఖాన్ 1988 జనవరి 20న పెషావరులో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం ఆఫ్ఘనిస్తాన్‌లోని జలాలాబాదులో ఖననం చేశారు. అక్కడ యుద్ధం నడుస్తున్న రోజులవి. అంత్యక్రియల కోసం కాల్పులు ఆపుకున్నారు. అయినా బాంబులు పేలి కొందరు చనిపోయారు. అహింస కోసం బతికిన మనిషి అంతిమయాత్రలో కూడా నెత్తురు చిందింది.

2023 సెప్టెంబరు నుంచి పార్లమెంటు కొత్త భవనంలోకి మారింది. పాత భవనానికి సంవిధాన్ సదన్ అని పేరు పెట్టారు. మా మనుమడికి ఢిల్లీ చూపించే రోజు వస్తే ఆ గుండ్రని భవనం ముందు నిలబెట్టి, ఇందులోకే ఆ మూట మనిషి వచ్చాడని చెప్పాలని ఉన్నది.

చివరగా మన ఉద్యోగుల మాట ఒకటి. నా సర్వీసులో ఒకసారి, పేరెందుకు గాని ఒక కార్యాలయంలో, ఇంటి స్థలం కోసం ఒక యానాది ముసలమ్మ అర్జీ పెట్టుకున్నది. కావలసిన కాగితం జతపరచలేదు. నిబంధన ప్రకారం "తిరస్కరించడమైనది" అని వ్రాసి పంపించాను. ఆ కాగితం ఎక్కడ దొరుకుతుందో, ఎలా తెచ్చుకోవాలో ఆమెకు చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. చెప్పలేదు. నిబంధన తప్పలేదు కనుక నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ ముసలమ్మ కూడా ఏమీ అనకుండా ఒకసారి చూసి వెళ్లిపోయింది. మా తాత చెప్పిన చూపు ఎటువంటిదో ఆ రోజు నాకు తెలిసింది.

మనమంతా ఏళ్ల తరబడి ఆర్డర్లు అమలు జరిపిన వాళ్లమే. గఢ్వాలీ సిపాయిలంతటి త్యాగం అందరి వల్లా కాదు. కాని ఇప్పుడు మనకు పైఅధికారి లేడు, కాన్ఫిడెన్షియల్ రిపోర్టు భయం లేదు. నెల మొదట్లో పెన్షను వస్తుంది. అర్జీ వ్రాయడం వచ్చు, ఏ కాగితం ఏ కార్యాలయంలో దొరుకుతుందో తెలుసు. మన వీధిలో ఆ సంగతి తెలియనివారు ఎందరో ఉన్నారు. మన సంఘం నెలకొక ఆదివారం కూర్చుని అటువంటి వారి అర్జీలు వ్రాసి పెట్టగలిగితే బాగుంటుందని నా మనవి. మొదటి ఆదివారం నేను వస్తాను. కళ్లజోడు, కలం నావే తెచ్చుకుంటాను.

సెలవు.